సమస్య: “ఐదుకంటెఁ జిన్నదగును గోటి” – వచ్చిన పూరణలు, పరిశీలన

ఈ పక్షం సమస్యను ఆటవెలది నాలుగవ పాదంగా ఇచ్చాను. కడపలో మా ఇంటి వరండాలో మేనల్లుళ్లిద్దరూ జపాను యానిమే (బొమ్మల చిత్రాల) వీరులలో ఎవరు మేటి అని వాదించుకుంటుండగా పెద్దవాడు “డ్రాగన్ బాల్ గోకు బలం కోట్లలో ఉంటుంది మామా” అన్నాడు. చిన్నవాడు “వన్ పంచ్ మ్యాన్ సైతామాకు అంకెతో పనే లేదు, ఒక్క గుద్దు చాలు” అన్నాడు. ఈ పాదం ఆ వాదులాటలో పుట్టినదే కనుక, వేర్వేరు రచయితలు కల్పించిన లోకాల వీరులను పోల్చడమే పూరణకు విషయమని నియమం పెట్టాను. “గోటి” అన్నది సరళాదేశం చేత (కకారం గకారమై) మారిన కోటియే గాని గోరు కాదని ముందే చెప్పి ఉండవలసింది, ఎందుకంటే గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకన్న సామెతను పట్టుకొని ఒకరు పద్యమంతా నడిపారు.

అనంతపురం నుంచి, వేరుశనగ సాగు చేసే సభ్యుడు:

కంటి కద్దముంచి కాపు బలమ్మెంచె
నైదె యనుచు నవ్వె నసురు డొకడు
అన్నమిడని బలిమి కంకె లెన్నైనను
ఐదుకంటెఁ జిన్నదగును గోటి

పరిశీలన: డ్రాగన్ బాల్ కథలో గోకుకు స్వయానా అన్న అయిన రాడిట్జ్ భూమి మీద దిగినప్పుడు మొదట ఎదురుపడేది తుపాకి పట్టుకొన్న ఒక రైతు. రాడిట్జ్ ఒక కంటి మీద ఉండే, ఎదుటివాడి బలాన్ని అంకెలో చూపే స్కౌటర్ అద్దంలో ఆ రైతు బలం 5 అని పడుతుంది. రైతు కాల్చిన గుండును అతడు చేత్తో పట్టుకొని తిరిగి అతని మీదికే విసురుతాడు. చూసేవాళ్లు నవ్వి దాటిపోయే ఆ ఘట్టంలోని అంకెను పట్టుకొని, వాన కోసం ఆకాశం వైపు చూసే జిల్లా నుంచి ఒక సేద్యగాడు ఇలా బదులు చెప్పడం నాకు చాలా నచ్చింది. రెండవ పాదంలో ఐకారానికి “నసురు”లోని అకారంతో స్వరయతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ వచ్చే అక్షరంతో అచ్చుల మైత్రి, చక్కగా కుదిరింది. మూడవ పాదంలో “బలిమికి అంకెలు” సంధి కలిసి “బలిమి కంకె” అని వినబడినప్పుడు జొన్నకంకి గుర్తుకు రావడం కవి ఉద్దేశించినదో కాదో తెలియదు గాని, పద్యానికి అది మేలే చేసింది. “కాపు” మన సీమలో రైతు అనే అర్థంలో వాడుకలో ఉన్నదే కనుక ఒక సభ్యుడు లేవనెత్తిన అభ్యంతరాన్ని అంగీకరించలేదు.

ప్రొద్దుటూరు నుంచి, గణితం బోధించే సభ్యురాలు:

వరుస సంఖ్యయందు వాసి తిరుగబడు
మొదటి వాడె మేటి ముందు వాడు
కోటి దాక నిలుచు కూటమి చూడఁగా
ఐదుకంటెఁ జిన్నదగును గోటి

పరిశీలన: చిక్కు విప్పిన తీరు నిర్దుష్టం. ర్యాంకులో కోటవ వాడు ఐదవ వాడికంటె చిన్నవాడే. అయితే ఈ పద్యం క్రికెట్ పట్టికకైనా, ప్రవేశ పరీక్షకైనా సరిపోతుంది. మన విషయం ఇందులో అడుగు పెట్టలేదు. వన్ పంచ్ మ్యాన్ కథను తెచ్చి ఉంటే రుచి వేరుగా ఉండేది, ఎందుకంటే వీరుల సంఘం పెట్టిన పరీక్షలో 71 మార్కులతో గట్టెక్కి, సి తరగతిలో 388వ స్థానంతో మొదలైన సైతామా, పై తరగతి వాళ్లు చేతులెత్తేసిన శత్రువులను ఒక్క గుద్దుతో పడగొడతాడు. అక్కడ వరుస సంఖ్యే అబద్ధం చెబుతుంది.

ఆదోని సభ్యుడు పంపినది:

కొలత మారినంతఁ గొండయే చీమౌను
బెర్రి లెక్క వేరు బలిమి వేరు
కాసు బలము కాదు కండల కొలలోన
ఐదుకంటెఁ జిన్నదగును గోటి

పరిశీలన: రెండవ పాదంలో యతి తప్పింది. “బె”కు “బ” సరిపోదు, హల్లు ఒకటే అయినా ఎకారానికి అకారంతో మైత్రి లేదు. “బెర్రి లెక్క వేరు పెంపు వేరు” అని మార్చితే యతి నిలుస్తుంది, అర్థమూ చెడదు. భావం మాత్రం బలమైనది. వన్ పీస్ అనే ఓడదొంగల కథలో నాయకుడు లూఫీని పట్టిస్తే ఇస్తామని మొదట ప్రకటించిన వెల 3 కోట్ల బెర్రీలు, అంటే ఆ లోకపు డబ్బు. అదే కథలోని నికో రాబిన్‌కు ఎనిమిదేళ్ల వయసులోనే 7 కోట్ల 90 లక్షలు. ఆ పిల్ల కండబలం చూసి కట్టిన వెల కాదది. ప్రభుత్వం దాచిపెట్టిన చరిత్రను ఆమె చదవగలదన్న భయానికి కట్టిన వెల. ఆ అంకెను తెచ్చి స్కౌటర్ అంకె పక్కన పెట్టి పోల్చేవాళ్లు సేర్లను మైళ్లతో కూడుతున్నారు.

తాడిపత్రి నుంచి ఇంటర్ విద్యార్థి “గోకు బలము చూడ కోట్ల కోట్లు దాటు” అన్న ఒక్క పాదం పంపి, ముందుకు సాగడం లేదని రాశాడు. బాబూ, ఆటవెలది బేసి పాదంలో మూడు సూర్యగణాల తరువాత రెండు ఇంద్రగణాలు రావాలి. నీవు ఆరు సూర్యగణాలు వేశావు. “గోకు బలము చూడఁ గోటిని దాటెనా” అంటే నడక కుదురుతుంది. చైనా పురాణగాథలోని వానరవీరుడి పేరును జపానువాళ్లు పలికే తీరు సోన్ గోకు అన్న మాట నిజమే గాని, అందుకని ఆంజనేయస్వామిని ఈ పోటీలోకి దించవద్దు.

అదే ఉత్తరంలో ఆ అబ్బాయి రాసిన మరొక సంగతి నాకు కొత్త దారి చూపింది. నరుటో అనే నింజాల (జపాను గూఢయోధుల) కథకు వెలువడిన వివరాల పుస్తకాలలో ఒక్కొక్క నింజాకు ఎనిమిది అంశాలలో అంకెలు వేస్తారు, ఏ అంశంలోనైనా నిండు కొలత 5 మాత్రమే. డ్రాగన్ బాల్‌లో ప్రతినాయకుడు ఫ్రీజా మొదటి రూపంలోనే తన బలం 5,30,000 అని చెప్పుకొని బెదిరిస్తాడు. ఆపైన ఆ అంకెలకు ఆనకట్ట లేదు. ఆ లోకంలోనే బలాన్ని దాచుకోవడం నేర్చినవాళ్ల ముందు స్కౌటర్ బోల్తా పడుతుంది కనుక, పరాయి లోకం వాళ్లను దానితో తూచడం మరీ అన్యాయం. జపాను మూలంలో, గోకుతో తలపడిన వెజీటా అతని బలం 8000 దాటిందని అరిచిన అరుపు ఆంగ్ల డబ్బింగ్‌లో 9000 అయింది. ఒక భాష నుంచి మరొక భాషకు వెళ్లేసరికే వెయ్యి పెరిగింది. అందుచేత నా పూరణ ఇది:

నిండు కొలత యైదు నింజాల లోకాన
కోటి యైన వెలితె గోకు చెంత
నిండు దానిఁ బోల్చి నెమ్మది నెంచఁగా
ఐదుకంటెఁ జిన్నదగును గోటి

దీనిలో “నిండు” రెండుసార్లు వచ్చిందని ప్రొద్దుటూరు సభ్యురాలు వెంటనే పట్టుకున్నారు, ఒప్పుకుంటున్నాను. పూరణలలో మొదటి స్థానం అనంతపురం పద్యానిదే.

వచ్చే పక్షానికి సమస్య, తాడిపత్రి అబ్బాయి వీరుడి పేరును మన సీమ మాటలో విని నవ్వుకున్నప్పుడు తోచినది: “గోకుమన్నవాడె కూలినాడు”.