పొలంలో మోటారు కేబుల్, స్టార్టర్ వదిలి రావచ్చా?

మాది కళ్యాణదుర్గం దగ్గర నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట. ఊరికి దూరం, చుట్టుపక్కల ఒక్క ఇల్లూ లేదు. నేనుండేది హైదరాబాద్‌లో, నెలకోసారి వెళ్తాను. పోయిన నెల బోరు దగ్గర కేబుల్ కోసుకుపోయారు. రాగి కోసం గట్టు మీదే కాల్చారు, నల్లటి బూడిద, కరిగిన ప్లాస్టిక్ ముద్దలు మిగిలాయి. స్టార్టర్ డబ్బా తాళం మాత్రం ముట్టుకోలేదు, అదేం మర్యాదో!

ఈసారి అల్యూమినియం కేబుల్ వేస్తే దొంగలు వదిలేస్తారా? పైపులో పెట్టి భూమిలో పూడిస్తే ఎంత లోతు ఉండాలి? సోలార్ కెమెరా పెడదామంటే అక్కడ ఫోన్ సిగ్నల్ ఒక్క గీతే. డ్రిప్ పైపులు, మందు కొట్టే పంపు కూడా రేకుల షెడ్డులోనే ఉన్నాయి. రాత్రుళ్లు ఒకటే టెన్షన్. కాపలా మనిషిని పెట్టుకునే స్తోమత లేదు. ఇలా దూరాన ఉండి పొలం చూసుకునేవాళ్లు ఏం చేస్తున్నారో చెప్పండన్నా.