హనుమకొండలో గ్రానైట్, భూపాలపల్లిలో బొగ్గు: ఇంత దగ్గర్లో ఇంత తేడా ఎందుకు?

ఓరుగల్లు_గ్రూప్స్
గ్రూప్-2కి చదువుతున్నా. "గోండ్వానా శిలల్లో బొగ్గు లభిస్తుంది" అని పుస్తకంలో ఒక్క లైన్ రాసి వదిలేశారు. బట్టీ కొడితే మార్కు వస్తుంది గానీ నాకు అసలు సంగతి తెలియాలి. ఇక్కడ పద్మాక్షి గుట్ట అయినా, ఖిలా వరంగల్ ఏకశిల అయినా ఎటు చూసినా గ్రానైటే. భూపాలపల్లి పోతే నేల కింద బొగ్గు. ఖండాలు విడిపోయినప్పుడు భూమి చీలి ఆ బొగ్గు తయారైందని ఒక వీడియోలో విన్నా, నిజమేనా? ఇంకోటి, 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు భూకంపానికి మా ఇల్లు కూడా ఊగింది. దక్కన్ గట్టి నేల అంటారు కదా, మరి ఇదేంటి?

బొగ్గుబాయి_బిడ్డ
తమ్ముడూ, ఆ వీడియోలో వరస తారుమారైంది. మన సింగరేణి బొగ్గు పెర్మియన్ కాలంది, అంటే 25 నుంచి 30 కోట్ల ఏళ్ల కిందటిది. అప్పటికి ఖండాలు విడిపోలేదు, అన్నీ పాంజియాగా కలిసే ఉన్నాయి, ఇండియా దాని దక్షిణ భాగమైన గోండ్వానాలో అంటార్కిటికా పక్కన ఉండేది. బొగ్గు పొరలకు ఇంకా అడుగున తాల్చిర్ రాళ్లుంటాయి, వాటిలో హిమానీనదాలు ఈడ్చుకొచ్చిన బండలు కనిపిస్తాయి. గోదావరిఖని ఎండలు తెలిసినవాళ్లకు నమ్మబుద్ధి కాదు గానీ ముందు ఇక్కడ మంచే! అది కరిగాక చిత్తడి అడవులు పెరిగాయి, ఎక్కువగా గ్లోసోప్టెరిస్ చెట్లు. నాలుక ఆకారంలో ఉండే ఆ ఆకు ముద్రలు బొగ్గుతో పాటు వచ్చే షేల్ (బురద గట్టిపడి అయిన రాయి) పలకల్లో దొరుకుతాయి. దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణ అమెరికాలో కూడా అదే ఆకు, అంటే అప్పుడు ఇవన్నీ కలిసే ఉన్నాయన్నమాట. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ చనిపోయిన స్కాట్ బృందం దగ్గర సుమారు 16 కిలోల రాళ్లు దొరికాయి, వాటిలోనూ ఇదే ఉంది. నడవడానికి ఓపిక లేని స్థితిలో కూడా వాళ్లు ఆ రాళ్లను పారేయలేదు, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

జియాలజీ_టీచర్
పైన చెప్పింది కరెక్ట్. అయితే భూపాలపల్లిలోనే ఎందుకు అన్నది మిగిలింది. అడవి పెరిగితే చాలదు, బొగ్గుగా మిగలాలంటే నేల కుంగాలి. ప్రాణహిత-గోదావరి లోయకు రెండు పక్కలా పెద్ద పగుళ్లున్నాయి, వాటి నడుమ నేల కోట్ల ఏళ్లు మెల్లగా కుంగుతూ, పైన ఇసుక, ఒండ్రు కిలోమీటర్ల మందాన పడుతూ పోయాయి. హనుమకొండ ఆ గుంటకు బయట, గట్టు మీద ఉంది. ఇక్కడ పైపొరలు ఏమైనా ఉన్నా కొట్టుకుపోయి ఉంటాయి, మిగిలింది దాదాపు 250 కోట్ల ఏళ్ల గ్రానైట్. లోతులో శిలాద్రవం గట్టిపడి అయిన రాయి కాబట్టి అందులో శిలాజాలు వెతికి లాభం లేదు.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది వేరే. ఈ లోయ తెరుచుకోవడం అదే మొదటిసారి కాదు. గోండ్వానా రాళ్ల కింద, పక్కన పాకాల శిలలున్నాయి. సున్నపురాయి, షేల్, వయసు వంద కోట్ల ఏళ్ల పైమాటే, అప్పటికి భూమి మీద చెట్టన్నదే లేదు. అంటే పాంజియాకు చాలా ముందు, కొలంబియా, రోడీనియా అనే మహాఖండాల కాలంలోనే ఇక్కడ నేల సాగి కుంగింది. అతుకు పడింది, మళ్లీ అదే గీత మీద కుంగింది. జురాసిక్ కాలానికీ అందులో ఒండ్రు పడుతూనే ఉంది, హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ ఎముకలు ఆ పొరల్లోవే. ఆ చీలిక పూర్తయి ఉంటే వరంగల్‌కూ బస్తర్‌కూ మధ్య సముద్రం ఉండేది. కానీ ఇండియా తెగింది వేరే చోట్ల. అంటార్కిటికా నుంచి దాదాపు 13 కోట్ల ఏళ్ల కింద, మడగాస్కర్ నుంచి దాదాపు 9 కోట్ల ఏళ్ల కింద.

నర్సంపేట_అక్క
సార్, పాకాల అంటే మా పాకాల చెరువేనా? చిన్నప్పటి నుంచి ఆ కట్ట మీద తిరిగాం, ఒక్కరూ చెప్పలేదు! ఇంతకీ వంద కోట్ల ఏళ్ల నాటి మ్యాపు ఎట్లా గీస్తారు, ఆకులు కూడా లేవు కదా?

జియాలజీ_టీచర్
అదే చెరువమ్మా, ఆ చుట్టుపక్కల రాళ్లకు ఆ పేరే పెట్టారు. మ్యాపుకు ఆధారం అయస్కాంతత్వం. గ్రానైట్ క్వారీల్లో అడ్డంగా నల్లరాయి చారలు కనిపిస్తాయి చూశారా, అవి డైకులు, అంటే గ్రానైట్ పగుళ్లలోకి శిలాద్రవం దూరి గట్టిపడిన రాళ్లు. ఆ రాయి చల్లారేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు అప్పటి భూ అయస్కాంత దిశలో స్థిరపడతాయి. ఆ వంపు కొలిస్తే అప్పుడు ఆ నేల ఏ అక్షాంశం దగ్గర ఉందో తెలుస్తుంది. రేఖాంశం మాత్రం తెలియదు, అందుకే కొలంబియా, రోడీనియా మ్యాపుల మీద ఇంకా గట్టి వాదనలే నడుస్తున్నాయి. ఎవరైనా ఒక్క బొమ్మ చూపించి ఇదే ఫైనల్ అంటే నమ్మకండి.

ఓరుగల్లు_గ్రూప్స్
చాలా థ్యాంక్స్ సార్, అన్నా మీకు కూడా. మరి భూకంపం?

జియాలజీ_టీచర్
ఇండియా ఇప్పటికీ ఏడాదికి 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యానికి జరుగుతూ ఆసియాను నెడుతోంది. ఆ ఒత్తిడి హిమాలయాల దగ్గరే ఆగదు, ఫలకం లోపలికీ వస్తుంది, వచ్చినప్పుడు పాత పగుళ్ల దగ్గరే కదలిక వస్తుంది. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర వచ్చింది 5.7, 2024లో ములుగుది 5.3, రెండూ గోదావరి లోయ పక్కనే. గట్టి నేల అన్న మాట మీ హనుమకొండ గుట్టల వరకు సరే, ఆ లోయకు మాత్రం వర్తించదు. అటువైపు ఇల్లు కడుతుంటే పిల్లర్లు, బీముల విషయంలో మేస్త్రీ మాట మీద వదిలేయకుండా ఇంజనీర్‌కు చూపించండి.