తేలినీలాపురం పక్షుల్లో ఎండ ఒత్తిడిని, జనం బెదురును వేరుచేసి గుర్తించడం ఎలా?

టెక్కలి సమీపంలోని తేలినీలాపురంలో ఏటా గూళ్లు కట్టుకునే ఎర్రకాళ్ల కొంగలను, గూడబాతులను గమనించే అలవాటు నాకుంది. ఎండ ముదిరిన మధ్యాహ్నాల్లో తల్లికొంగ సూర్యుడికి వీపు పెట్టి, రెక్కలు సగం విప్పి పిల్లలకు నీడ పడుతుంది. తన కాళ్లపైనే పల్చగా రెట్ట వేసుకుంటుంది, అది ఆరుతూ కాళ్లలోని రక్తాన్ని చల్లబరుస్తుంది. గూడబాతు ముక్కు కింది సంచిని అదేపనిగా అల్లాడిస్తుంది. ఇవన్నీ సహజమైన ఏర్పాట్లే. అయితే సందర్శకులు చెట్ల కిందికి వచ్చి కేకలు వేసినప్పుడు (సెల్ఫీల మోజు సంగతి చెప్పనక్కర్లేదు) పెద్దపక్షులు లేచిపోవడంతో పిల్లలు ఎండకు మాడుతున్నాయి.

ఒత్తిడికి గురైన పక్షి రక్తంలో కార్టికోస్టెరాన్ అనే ఒత్తిడి హార్మోను పెరుగుతుందని, పట్టుకున్న సుమారు 3 నిమిషాల్లోపే రక్తం తీయకపోతే ఆ పట్టుకోవడం వల్ల కలిగిన బెదురే కొలతలో కలిసిపోతుందని తెలుసు. పక్షులను ముట్టుకోకుండా, అటవీ శాఖ అనుమతితో సేకరించిన రెట్టలో ఆ హార్మోను అవశేషాలను కొలిస్తే, ఎండ వల్ల కలిగిన ఒత్తిడిని, జనం అలికిడి వల్ల కలిగినదాన్ని విడదీసి చెప్పగలమా? మంచుకు తడిసిన రెట్ట పనికొస్తుందా? ప్రయోగశాల వసతి లేని మాబోటివారు ప్రవర్తనను మాత్రమే నమోదు చేయాలంటే ఏయే అంశాలు, ఎంతసేపటికొకసారి రాసుకోవాలి? ఇటువంటి పని చేసినవారు దయచేసి వివరించగలరు.