కొత్త బ్యాచ్ దిగిన రోజు సేఫ్టీ ట్రైనింగ్‌లో ఏం చెప్పాలి? మేస్త్రీలకు వేరేగా పెట్టాలా?

సైటు_ఆఫీసు
సెల్లార్, దాని మీద ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. మూడో శ్లాబు నడుస్తోంది. రోజుకు అరవై, డెబ్భై మంది ఉంటారు. సెంట్రింగ్ వాళ్లది శ్రీకాకుళం, రాడ్ బెండింగ్ వాళ్లది ఒడిశా, మట్టిపనికి పాలమూరు వాళ్లు. పదిహేను రోజులకో కొత్త బ్యాచ్ వస్తుంది. ఇప్పటిదాకా ట్రైనింగ్ అంటే పొద్దున్నే వరసలో నిలబెట్టి "హెల్మెట్ పెట్టుకోండి, బెల్టు వేసుకోండి" అనడం, రిజిస్టర్‌లో వేలిముద్రలు వేయించడం. గంటకు మించి పని ఆపనివ్వరు. ఆ గంటలో ఏం చెప్పాలి? మేస్త్రీలకూ సూపర్‌వైజర్లకూ వేరేగా చెప్పాలా?

ఎత్తుపని
వేరేగానే, అదీ ముందు వాళ్లకే. మీరు గంట చెప్పినదంతా మేస్త్రీ "ఏం కాదులే, ఎక్కు" అన్న ఒక్క మాటతో పోతుంది.

కొత్తవాళ్లకు నలభై నిమిషాలు చాలు. షెడ్డులో కూర్చోబెట్టొద్దు, సైటంతా తిప్పండి. మెట్ల అంచు, లిఫ్టు గుంత, శ్లాబు అంచు, కరెంటు బోర్డు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, ఒక్కోచోట ఐదు నిమిషాలు ఆగి "ఇక్కడ మనిషికి ఏం కావచ్చు?" అని వాళ్లనే అడగండి. ఒడిశా బ్యాచ్‌కి తెలుగులో చెప్పి వేలిముద్ర తీసుకుంటే అది మీ రిజిస్టర్‌కి పనికొస్తుంది గానీ వాళ్లకు కాదు. రెండు భాషలూ తెలిసినవాణ్ణి ఒకణ్ణి పక్కన పెట్టుకోండి. చివర్లో "అర్థమైందా?" అనొద్దు, అందరూ తలూపుతారు. బెల్టు చేతికిచ్చి వేసుకోమనండి. తొడ పట్టీలు వదిలేసేవాళ్లు, తలకిందులుగా తొడిగేవాళ్లు అక్కడే బయటపడతారు.

శ్లాబు అంచుకు పై పైపు మీటరు ఎత్తున, మధ్యలో ఇంకో పైపు, కింద 15 సెంటీమీటర్ల అడ్డుబల్ల ఉండాలి. ఆ బల్ల లేకపోతే కాలు తగిలిన సుత్తో క్లాంపో కింద నడిచేవాడి నెత్తిన పడుతుంది. ఎర్ర రిబ్బన్ కట్టి వదిలేస్తే అది ఎవర్నీ ఆపదు. పైపులు పోవడానికి శ్లాబులో వదిలిన డక్టు గుంతలకు ప్లైవుడ్ ఊరికే పరిస్తే మరీ ప్రమాదం. ఎవరికో ఆ ముక్క అవసరమై రెండు చేతులా ఎత్తి పట్టుకుని ముందుకు అడుగేస్తాడు. అడ్డంగా ప్లైవుడ్ ఉంది కాబట్టి కాళ్ల కింద గుంత కనపడదు, నేరుగా అందులోకే పోతాడు. మేకులు కొట్టి బిగించి, "కింద గుంత" అని పెయింటుతో పెద్దగా రాయించండి. చదవలేనివాళ్ల కోసం బొమ్మ కూడా వేయించండి.

సైటు_ఆఫీసు
మొదటి శ్లాబు ఎత్తు మూడు మీటర్లే కదండీ. అక్కడ అంచున పనిచేసేవాడికి రెయిలింగ్ లేకున్నా బెల్టుంటే సరిపోదా?

ఎత్తుపని
సరిపోదు. ఈ లెక్క మీ సూపర్‌వైజర్లకు సుద్దముక్కతో గోడ మీద వేసి చూపించండి. తాడు 1.8 మీటర్లు. పడ్డప్పుడు షాక్ అబ్సార్బర్ (కుదుపు తగ్గించడానికి తాడుకుండే మడతల పట్టీ) విచ్చుకుంటే మరో 1.75 దాకా సాగుతుంది. వీపు మీది రింగు నుంచి పాదాల దాకా 1.5. కింద కనీసం ఒక మీటరు మిగలాలి. అంటే హుక్కు తగిలించిన చోటు నుంచి కిందికి ఆరు మీటర్ల ఖాళీ కావాలి. మూడు మీటర్ల శ్లాబు మీద కాళ్ల దగ్గర తగిలిస్తే, బెల్టు ఆపేలోపే మనిషి నేలకు తగులుతాడు. అక్కడ రెయిలింగే దిక్కు. లేదంటే అంచుదాకా వెళ్లనివ్వనంత పొట్టి తాడు కట్టాలి.

హుక్కు దేనికి తగిలిస్తున్నారో కూడా చూడండి. సెంట్రింగ్ జాకీకీ (పచ్చి శ్లాబును కింద నుంచి మోసే ఇనుప ఊతం) కిటికీ గ్రిల్‌కీ పనికిరాదు. గట్టిపడిన కాలమ్ చుట్టూ వేసిన వైర్ రోప్ అయితే నయం. పడినవాడు బెల్టుకు వేలాడుతుంటే కాళ్లలో రక్తం నిలిచిపోతుంది, నిమిషాల్లో దించాలి. 108కి ఫోన్ చేసి కింద నిలబడి చూడటం కాదు. ఏ నిచ్చెనతో, ఎవరు దించాలో ముందే తేల్చుకుని ఉండటం సూపర్‌వైజర్ పాఠం.

జాకీల_లెక్క
పై మాటలు సరే గానీ, పది మందిని ఒకేసారి మింగేది సెంట్రింగ్. ఐదంగుళాల శ్లాబు చదరపు మీటరుకు మూడు వందల కిలోల పైనే తూగుతుంది, మనుషులూ పంపు పైపూ దీనికి అదనం. పంపు మూతి దగ్గర కాంక్రీటు గుట్టగా పోయనిస్తే ఆ కింది జాకీల మీద బరువు రెండింతలు, మూడింతలు అవుతుంది. వాటి కింద ఇటుక ముక్కలు పెట్టి సరిపెట్టారా, చూడండి. సెల్లార్ మట్టి తడిస్తే జాకీ దిగిపోతుంది. శ్లాబు పోసేటప్పుడు కింద తిరిగే మనుషులు ఒకరిద్దరే ఉండాలి.

జాకీలు తీయడానికి ఐఎస్ 456 (కాంక్రీటు పనుల భారత ప్రమాణం) చెప్పే గడువు, ఆనుకునే రెండు చోట్ల మధ్య దూరాన్ని బట్టి: శ్లాబు 4.5 మీటర్ల దాకా 7 రోజులు, దాటితే 14. బీము 6 మీటర్ల దాకా 14, దాటితే 21. ఇది మామూలు ఓపీసీ సిమెంటుకు. ఇప్పుడొచ్చే బస్తాల్లో ఎక్కువ పీపీసీయే (బూడిద కలిపిన సిమెంటు), దానికి గడువు పెంచాలి. తీసే వరసా మేస్త్రీకి రావాలి. శ్లాబుకు నడిమి నుంచి బీముల వైపు, సజ్జకు, బాల్కనీకి బయటి కొస నుంచి గోడ వైపు. తిరగేసి తీస్తే సజ్జ విరిగి తీసేవాడి మీదే పడుతుంది.

30_మిల్లీఆంప్స్
కరెంటు, సంపు కూడా కలపండి. బోర్డులో 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) ఉండాలి, రోజూ పొద్దున సూపర్‌వైజరే టెస్ట్ బటన్ నొక్కాలి. స్విచ్చు పడిపోకపోతే ఆ బోర్డు మీద పని లేదు. కటింగ్ మిషన్ వైర్లు ప్లగ్గు లేకుండా సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలతో బిగించడం ఇప్పటికీ చూస్తుంటాం. అందులో ఎర్త్ వైరు ఉండనే ఉండదు.

కొత్త సంపులో నీళ్లే లేవు, గ్యాస్ ఎక్కడిదంటారు. మూసి ఉన్న గదిలో తడి చెక్క కుళ్లుతూ ఆక్సిజన్‌ని తినేస్తుంది. సెంట్రింగ్ విప్పడానికి దిగినవాడు కూలిపోతే, తీయడానికి దిగిన రెండోవాడూ అంతే. దీపం దించి చూడటం నమ్మొద్దు, విషవాయువు ఉన్నా దీపం వెలుగుతుంది, మండే గ్యాస్ ఉంటే అంటుకుంటుంది. గ్యాస్ కొలిచే మీటరు దించండి. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గితే దిగొద్దు. బ్లోవర్ నడవాలి, పైన ఒకడు తాడు పట్టుకుని ఉండాలి.

మట్టిపని
ఇదంతా ఒక గంటలో కుక్కితే సాయంత్రానికి ఏమీ మిగలదు. మొదటిరోజు పడిపోవడం, కరెంటు, ఎవరికి చెప్పాలి, ఈ మూడే. మిగతావి ఆ పని మొదలయ్యే రోజు పొద్దున పది నిమిషాలు, ఆ ముఠాకు మాత్రమే, ఆ చోటే. పాలమూరు వాళ్లకు గొయ్యి దగ్గర: లోతు 1.5 మీటర్లు దాటితే పక్కలకు దన్ను కావాలి, తవ్విన మట్టి అంచుకు 1.5 మీటర్లు లేదా లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరం పోయాలి, దిగే నిచ్చెన గట్టుకు మీటరు పైకి ఉండాలి. జేసీబీ నడుస్తుంటే లోపల మనిషి ఉండకూడదు.

ఇంకోటి. వేలిముద్రలకు ఎలాగూ వరసలో నిలబెడుతున్నారు కదా, అప్పుడే ఆధార్ చూసి నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు ఉందో లేదో అడగండి. 18 నుంచి 60 ఏళ్లలోపు ఉండి, గత ఏడాదిలో 90 రోజులు పనిచేసి ఉంటే చాలు. కార్డు లేనివాళ్ల ఫారాలు ఆ రోజే నింపించండి.