రంగు మారే కిటికీ అద్దాల మన్నికను ఎలా పెంచాలి?

ప్రశ్న (విద్యార్థి, విజయనగరం): మా ప్రయోగశాలలో వాహక (విద్యుత్తు ప్రసరించే) గాజుపై పూసిన టంగ్‌స్టన్ ట్రైఆక్సైడ్ పొర, లిథియం అయాన్లున్న ద్రావణంలో స్వల్ప వోల్టేజీకి నీలంగా మారుతోంది గాని, పదే పదే మార్చేసరికి పూర్తిగా తేటపడటం లేదు. పడమటి ఎండ పడే మన తరగతి గదులకు ఇటువంటి అద్దాలు పనికిరావాలంటే ఏమి చేయాలి?

జవాబు (అధ్యాపకుడు, శ్రీకాకుళం): అయాన్లు పొరలో చిక్కుకుపోవడమే కారణమని నేను భావిస్తున్నాను. లిథియం అయాన్లతోపాటు ఎలక్ట్రాన్లు చేరి, టంగ్‌స్టన్‌లో కొంత భాగం ఎలక్ట్రాన్లను గ్రహించి, ఆరు నుంచి ఐదు ఆక్సీకరణ స్థితికి (ఎలక్ట్రాన్ల లోటును తెలిపే సంఖ్య) దిగినప్పుడు నీలిరంగు వస్తుంది. లోతుగా ఇరుక్కున్న అయాన్లు మామూలు వోల్టేజీకి వెనక్కి రావు. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిమాణం మారకుండా ఉంచిన విద్యుత్ ప్రవాహంతో అటువంటి అయాన్లను బయటికి లాగి, క్షీణించిన పొరను తిరిగి పనిచేయించగలిగినట్లు 2015లో ప్రకటించారు. మీరు ముందుగా ఇదే ప్రయత్నించండి. సూక్ష్మరంధ్రాలున్న పొరలో అయాన్ల దారి తగ్గి రంగు త్వరగా మారుతుంది, అయితే పొర మరీ వదులైతే మన్నిక దెబ్బతింటుంది.

మరో జవాబు (విజయనగరం): ఎదుటి ఎలక్ట్రోడ్‌గా (ద్రావణానికి అవతలి వైపున్న విద్యుత్ పొరగా) నికెల్ ఆక్సైడ్ వాడండి, అది అయాన్లను వదిలినప్పుడు ముదురుతుంది, ఆ అయాన్లు టంగ్‌స్టన్ పొరలో చేరతాయి కనుక రెండు పొరలూ ఒకేసారి నల్లబడి ఎండను మరింత ఆపుతాయి.

ప్రశ్నించినవారు: కృతజ్ఞతలు, మాస్టారూ. మన తీరపు తేమ సంగతేమిటి?

అధ్యాపకుడు: లిథియం ద్రావణంలోకి తేమ చేరితే అనవసర చర్యలు మొదలవుతాయి. అందువల్ల ద్రావణానికి బదులు ఘన లేదా పాలిమర్ ఎలక్ట్రోలైట్‌ను (పొరల మధ్య అయాన్లను మోసే పదార్థాన్ని) ఎంచుకుని, అద్దం అంచులను గాలి చొరకుండా మూయాలి.