ఊరంత బావురుమన్నదా, బోరుమన్నదా?

అల్వాల్ పోరడు:
చాన్నాళ్ల సంది ఒక మాట బుర్రల తిరుగుతున్నది, మీరే తేల్చాలె. మా చిన్నాయిన ఫౌజుల డ్రైవరు. 1987ల శాంతిసేన కింద సికింద్రాబాద్ నుంచి 54 డివిజన్ను శ్రీలంకల జాఫ్నాకు పంపినప్పుడు పోయిండు. ఆడికెంచి రాసిన ఇన్లాండ్ లెటర్ మా నాయనమ్మ వచ్చినోళ్లందరితోని చదివిచ్చుకునేదట. ఇప్పుడు లెటర్ లేదు, చెదలు తిన్నది, చిన్నాయిన కూడ లేడు. ఇంట్ల యాదున్నది ఒక్క ముక్కనే: "తాళ్లకు కట్టిన లొట్లు కట్టినట్టే ఉన్నయి, దించెటోడు లేడు, ఊరంత బావురుమంటున్నది." తాళ్లంటే తాటిచెట్లు, లొట్లంటే కల్లు కుండలు. ఇది మా బాపు చెప్పేది. మేనత్తేమో బావురు కాదురా, "బోరుమంటున్నది" అని రాసిండంటది. ఏది కరెక్టు?

నల్లకుంట పంతులు:
ఇందులో చర్చించడానికేముందండీ, బావురే. ఇల్లు బావురుమంటోంది అంటాం, ఇల్లు బోరుమంటోంది అని ఎవడన్నా అంటాడా? కర్ఫ్యూలో ఊరు ఖాళీగా ఉందని భావం. లొట్లు దించేవాడు లేడని ముందే అన్నాడు కదా.

బోడుప్పల్:
అంటరు సార్, ఎందుకనరు. మా దిక్కు చావు కాడికి పోయొచ్చి ఇల్లిల్లంత బోరుమంటున్నరు అంటం. ఆయన ఉత్త "ఊరు" అనలే, "ఊరంత" అన్నడు. ఆ "అంత" ఉన్నదంటే జనం గురించే.

నల్లకుంట పంతులు:
అన్నరు కాదు నాయనా, అన్నది. మీ వాక్యంలో క్రియ బహువచనం, ఆయన వాక్యంలో ఏకవచనం. అక్కడే తేలిపోయింది.

తార్నాక:
అంత తొందరగా తేల్చేయకండి మాస్టారూ. బావురుమని ఏడ్చింది అని కూడా అంటాం కదా, అప్పుడు బావురే రాశాడనుకున్నా ఖాళీయా ఏడుపా అన్నది అట్లానే ఉండిపోతుంది. నా అనుమానం బావురుపిల్లి మీద. రాత్రిళ్లు పసిపిల్ల ఏడ్చినట్టే అరుస్తుంది, మనుషుల్లేని ఇంట్లోనే దూరుతుంది, అట్లా రెండర్థాలూ ఒకే పిల్లి నుంచి వచ్చాయేమో.

నల్లకుంట పంతులు:
పిల్లి బాగుంది గానీ నా లెక్క వేరు. సామాన్లు తీసేసిన ఇంట్లో మాట్లాడితే గొంతు తిరిగొస్తుంది చూడండి, అదే బావురు.

అల్వాల్ పోరడు:
ఇంకోటి యాదికొచ్చింది, ఆ లెటర్ల బాగ తిట్టిండట. యేరు లేదు, వాగు లేదు, అంత సున్నపురాయి, నీళ్లు ఉప్పగ ఉన్నయని.

నల్లకుంట పంతులు:
అబ్బ! శ్రీనాథుడండీ మీ చిన్నాయన! పల్నాడు పోయి ఆ మహానుభావుడు పడ్డ పాట్లే. నాపరాళ్లు, తేళ్లు, మన్మథుడైనా సరే జొన్నకూడే తినాలన్నాడు.

తార్నాక:
మాది నరసరావుపేట, ఊరుకోను. ఆ చాటువులు ఆయనవేనని ఏమిటి గ్యారంటీ? వేటూరి ప్రభాకరశాస్త్రి గారు చాటుపద్యమణిమంజరిలో పోగేయకపోతే సగం దొరికేవే కావు, వాటికి కర్త ఎవరంటే ఎవరేం చెప్పగలరు. అసలు అన్నదమ్ముల యుద్ధం గురించి మాట్లాడుతూ పల్నాటి వీరచరిత్ర వదిలేసి జొన్నకూడు పట్టుకున్నారు మీరు.

బోడుప్పల్:
జాఫ్నా అసలు పేరు తమిళంల యాఴ్ప్పాణం. యాఴ్ అంటే వీణె లాంటిది, పాణన్ అంటే పాటలు పాడెటోడు. మనకు ఆ ఴ పోయి డ అయింది, ఏఴు ఏడయింది, కోఴి కోడయింది. ఆ లెక్కన మనం యాడుపాణం అనాలె. యాడుపాణమో ఏడుపాణమో, నేను చెప్పినట్టు బోరే!

నల్లకుంట పంతులు:
దీన్ని వ్యుత్పత్తి అనరు, దౌర్జన్యం అంటారు.

మల్కాజిగిరి ఫౌజీ:
నేను ఆడ పనిచేసిన. జులైల మొదలు దిగినోళ్లకు జనం దండలేసిండ్రు, అక్టోబర్ల అదే తొవ్వల మీద మందుపాతరలు. 1990 మార్చిల ఆఖరోళ్లు వాపస్ వచ్చెటాల్లకు మనోళ్లు 1,200 మంది దాక పోయిండ్రు. ఊరు ఖాళీ అంటున్నరు గాని, కాదు సార్. కర్ఫ్యూ నాడు అందరు తలుపులేసుకోని లోపల్నే ఉందురు. మనం గల్లీల నడుస్తుంటే కుక్క గూడ మొరగకపోవు. గల్లీ దాటి మలుపు తిరిగినంక వెనకనుంచి బావికాడ గిలక సప్పుడు, ఎవరో దగ్గినట్టు, చెంబు కిందవెట్టినట్టు. మళ్ల తిరిగొస్తే ఏం లేదు. దానికి ఏం మాట వాడాలెనో నాకు తెల్వది. బోరుమని ఏడ్చుడైతే మా ముంగట ఎవ్వరు ఏడ్వలే.

బోడుప్పల్:
ముంగట ఏడ్వలే, సరే. వెనక?

నల్లకుంట పంతులు:
అయితే నిశ్శబ్దం, అంటే బావురు. ఇంతకీ గిలక కాదండీ, గిరక.

తార్నాక:
మా వైపు గిలకే.

బోడుప్పల్:
మా దిక్కు గిరకనే. గీ ఒక్కదాంట్ల పంతులు సార్ కరెక్టు.