మెంతవాయి అలలకు ఏ నెలలో వెళ్లడం మంచిది?

రుషికొండలో నాలుగేళ్లుగా సర్ఫింగ్ చేస్తున్నాను. మంచి అల కోసం రోజుల తరబడి కాచుకోవడం, తీరా అది వచ్చేసరికి గాలి చెడగొట్టడం మాకు మామూలే. విసుగెత్తి ఈసారి సుమత్రాకు పశ్చిమాన ఉన్న మెంతవాయి దీవులకు వెళ్దామనుకుంటున్నాను. దక్షిణ హిందూ మహాసముద్రంలో లేచే తుపానుల పుణ్యమా అని ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అక్కడ అలలకు కొదవ ఉండదంటారు.

జూన్, జులై, ఆగస్టుల్లో అవి మరీ పెద్దవట. నా ఎత్తు అల దాకా పరవాలేదు, అంతకు మించితే కాళ్లు వణుకుతాయి. పైగా అక్కడ నీటి అడుగున ఇసుక కాదు, పగడపు దిబ్బలు. మొన్న ఇసుక మీద పడితేనే భుజం తోలు లేచిపోయింది! నాలాంటివాడు ఏప్రిల్‌లో వెళ్లాలా, అక్టోబరులోనా?

సుమత్రా తీరంలోని పడాంగ్ నగరం నుంచి దీవులకు వెళ్లే ఫెర్రీలో ఏడడుగుల బోర్డు ఎక్కించుకుంటారా? పది రోజులు పెద్ద పడవ అద్దెకు తీసుకునే స్తోమత లేదు. ఊళ్లో ఎవరింట్లోనైనా బస చేసి, రోజూ చిన్న పడవలో అలల దాకా వెళ్లడం కుదురుతుందా? మలేరియా మాత్రల సంగతి డాక్టరును అడిగాను. పగడం కోసుకుంటే ఏ మందు వాడారో వెళ్లివచ్చినవారు చెప్పగలరా?